భుజం మీద గుడ్డ

మా మరిది జీవితాంతం చేసిన పనేమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే, మనుషుల భుజాల మీంచి చేతులు తీసేయడం. నవ్వకండి. మా ఫొటో స్టూడియోలో అది నిజంగానే ఒక పని. అందులో అతన్ని మించినవాడు లేడని మా ఆయనే ఒప్పుకునేవాడు. మా ఆయన నోట్లోంచి ఒక మెచ్చుకోలు మాట రావడమంటే ఏమిటో కాపురం చేసిన నాకు తెలుసు.

మా ఆయన ఫొటోలు తీసేవాడు. నేను ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని, అగ్గిపుల్లకి దూది చుట్టుకుని, నలుపు తెలుపు ఫొటోలకి రంగులద్దేదాన్ని. వెనక గదిలో ఏటవాలు బల్ల ముందు కూర్చుని, సూదిలా చెక్కిన పెన్సిళ్ళతో జనాల మొహాల మీద మచ్చలూ ముడతలూ పూడ్చేది మా మరిది. కింద దుకాణం, పైన కాపురం. ముగ్గురం ఉన్నామన్న మాటేగానీ ఇంట్లో మాట్లాడే నోరు నాదొక్కటే. మా ఆయన కెమెరాతో మాట్లాడేవాడు. మా మరిది పెన్సిళ్ళతో కూడా మాట్లాడేవాడు కాదు.

ఆ రోజుల్లో మగవాళ్ళు జంటలుగా వచ్చేవాళ్ళు ఫొటోకి. ఇద్దరు స్నేహితులు తలకి నూనె రాసుకుని, పాపిడి తీసుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కాలు తొడుక్కుని దిగేవాళ్ళు. ఒకడు కుర్చీలో కూర్చుంటే ఇంకొకడు పక్కన నిలబడి భుజం మీద చెయ్యేసేవాడు. కొందరు చిటికెనవేళ్ళు కలుపుకునేవాళ్ళు. ఒకడి ఒళ్ళో ఒకడు కూర్చున్న ఫొటోలు కూడా తీశాడు మా ఆయన. ఇద్దరూ మీసాలవాళ్ళే, ఇద్దరి మొహాల్లోనూ పరీక్ష రాస్తున్నంత గాంభీర్యం! ఇప్పటి పిల్లలు ఆ ఫొటోలు చూసి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుతారు. నాకు ఒళ్ళు మండుకొస్తుంది. ఏమర్రా, పక్కవాడి చెయ్యి పట్టుకున్నందుకా ఆ ఇకిలింపులు? వాళ్ళకి ఒకడంటే ఒకడికి ప్రేమ. అది ప్రేమ కాకపోతే మరేమిటో మీరే చెప్పండి. పెళ్ళాం పక్కన జానెడు ఎడంగా కర్రలా బిగుసుకుపోయిన మనిషే, స్నేహితుడి పక్కన మెత్తబడిపోయేవాడు. రోజూ చూసేవాళ్ళం, మాకు తెలీదా?

తంటా ఎక్కడొచ్చేదంటే, ఆ ఇద్దర్లో ఒకడు పోయినప్పుడు. ఇంట్లో చూస్తే పోయినాయన ఒక్కడే దిగిన ఫొటో ఉండదు. ఉన్నదల్లా స్నేహితుడితో దిగిందే. దాన్ని పట్టుకొచ్చి, "ఈ పక్కాయన్ని తీసేసి, మావాణ్ణి మాత్రం పెద్దది చెయ్యండి" అనేవాళ్ళు. పక్కాయన్ని తీసెయ్యడం సులువే. ఫొటోని పెద్దగా వేసి, అక్కర్లేని మనిషి మీద కుంచెతో గోడరంగు పూసి, దాన్ని మళ్ళీ ఫొటో తీస్తే సరి. కానీ భుజం మీద చెయ్యి ఉండిపోతుందే! మొండెం లేని చెయ్యి! అక్కడ చెయ్యి చెరిపి, దాని కింద ఉండాల్సిన చొక్కా మడతా, కుట్టూ, నీడా అన్నీ లేనిచోట పుట్టించాలి. అది మా మరిది పని. అతను తీసేశాక అక్కడో చెయ్యి ఉండేదంటే దాన్ని వేసినవాడు కూడా నమ్మడు.

అతనికి పెళ్ళి చెయ్యాలని నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఒకసారి మా పిన్ని చూసిన సంబంధం, అమ్మాయి ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఈమె గడ్డం మీద చిన్న గాటుంటుంది వదినా. నేనే పూడ్చాను" అన్నాడు.

"పూడిస్తే ఇంకేం! చుక్కలా ఉంది."

"గాటుతోనే బాగుండేది. ఇప్పుడు ఈ అమ్మాయి ఎవరో నాకు తెలీడం లేదు."

నెత్తి కొట్టుకున్నాను. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళ ఫొటోలన్నీ ఇతని చేతిమీదుగా వెళ్ళేవే, ఇక ఇతనికి పిల్లని ఎక్కణ్ణించి తేను? ఆ తర్వాత నేనూ విసిగి ఊరుకున్నాను.

అతని నోరు తెరిపించిన మనిషి లోకం మొత్తం మీద ఒక్కడే, వీధికి అవతల ఫ్రేములు కట్టే అద్దాలాయన. దిట్టమైన మనిషి, గొంతు విప్పితే వీధి వీధంతా వినాల్సిందే. నోట్లో మేకులు పెట్టుకుని కూడా మాట్లాడేవాడు, ఎలా మింగలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎడమ భుజం మీద అద్దాలు తుడిచే గుడ్డ వేలాడుతూ ఉండేది. పొద్దున్నే దుకాణం తలుపులు తీస్తూనే "ఒరే పెన్సిలూ, లేచావట్రా!" అని అక్కణ్ణించే కేక. మా మరిది బదులు చెప్పేవాడు కాదు, కానీ పెదవి చివర కదిలేది. ఆ మాత్రం కదలిక నేను వండిపెట్టిన దేనికీ వచ్చేది కాదు!

మేం చేసిన పెద్ద ఫొటోలకి ఫ్రేము కట్టేది ఆయనే. పోయినవాళ్ళ ఫొటో వచ్చిందంటే దాన్ని ఎత్తి వెలుతురుకి పెట్టి, ముక్కు ఆనించి వెతికేవాడు. "ఎక్కడ దాచావురా ఆ చేతిని? ఈ మడత దగ్గరేనా? కాదూ? ఛ! ఏదో ఒకరోజు నాకు దొరక్కపోవురా నువ్వు!" ఎన్నడూ దొరకలేదు. ఓడిపోయినవాడు టీ తాగించాలి, కాబట్టి సాయంత్రం ఆయనే రెండు గ్లాసులు తెచ్చేవాడు. ఆ దుకాణం మెట్టు మీద ఇద్దరూ మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేవాళ్ళు. ఆయన చెబుతూనే ఉండేవాడు, ఇతను వింటూనే ఉండేవాడు. భార్యా కొడుకూ ఉన్న మనిషి ఇంటికి పోకుండా ఇంతసేపు ఏం మాట్లాడతాడని ఓసారి అడిగితే, "ఏమో వదినా, గుర్తుండదు. కానీ బాగుంటుంది" అన్నాడు మా మరిది.

వాళ్ళిద్దరూ కలిసి ఒక్కసారే ఫొటో దిగారు. వాన కురుస్తూ ఒక్క పురుగు కూడా గుమ్మం తొక్కని మధ్యాహ్నం. మా ఆయన కొత్త లెన్సు కొన్నాడు, దాన్ని పరీక్షించాలి. వానకి మా గుమ్మంలో నిలబడ్డ అద్దాలాయన్ని లాక్కొచ్చి కుర్చీలో కూలేశాడు. భుజం మీద ఆ మాసిన గుడ్డేమిటని నేనే లాగి అవతల పడేశాను. "ఒక్కణ్ణేనా? మావాణ్ణి కూడా పిలవండి, లేకపోతే నేను లేస్తా" అన్నాడాయన. మా మరిది వచ్చి ఆయన కుడిపక్కన నిలబడ్డాడు. చెయ్యి భుజం దాకా వచ్చింది గానీ వాలదు. వేలమంది చేతులు తీసినవాడికి తన చెయ్యి ఎలా వెయ్యాలో తెలీలేదు పాపం. "గాల్లో ఏంట్రా ఆ చెయ్యి, దించు!" అని కెమెరా మీది నల్లగుడ్డ కిందనుంచి మా ఆయన అరుపు. అప్పుడు అద్దాలాయన తన ఎడంచెయ్యి గుండె మీదుగా తెచ్చి, ఇతని వేళ్ళు పట్టుకుని, కుడి భుజం మీద అదిమిపెట్టుకున్నాడు.

"ఇక పారిపోడు. తియ్యండి" అన్నాడు.

ఆ ఫొటో ఆయన ఇంటికి వెళ్ళింది. మా మరిది తనకొకటి వేసుకోలేదు. రోజూ చూసే మొహమేగా అన్నాడు.

ఏళ్ళు గడిచాయి. మా మరిది జుట్టంతా పోయింది, కళ్ళకి సోడాబుడ్డి అద్దాలొచ్చాయి. అద్దాలాయన కొడుకు హాస్టళ్ళలో చదువుకుని, వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు పొద్దున్న ఆ కేక వినపడలేదు. దుకాణం తలుపులు మూసే ఉన్నాయి. మా మరిది గుమ్మంలోకీ బల్లకీ పది మార్లు తిరిగాడు. టీకొట్టు మనిషి వచ్చి చెప్పాడు, రాత్రి నిద్రలోనే పోయాడట.

చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పరిగెత్తాడు మా మరిది. తర్వాత నేను కూపీ లాగితే ముక్కలు ముక్కలుగా చెప్పాడు అక్కడ జరిగింది. గేటు దగ్గర ఎవరో బంధువు, వచ్చేపోయేవాళ్ళని చూసుకుంటున్నాయన, "మీరు ఏమవుతారండీ?" అని అడిగాడట. ఏమవుతాడు ఇతను? అన్నా కాదు, తమ్ముడూ కాదు, బావా కాదు. "ఏమీ అవనండీ. ఫొటో స్టూడియోలో పని చేస్తాను" అన్నాడట.

"ఇప్పుడు ఫొటోలవీ వద్దులే బాబూ, కాస్త పక్కకి ఉండు" అన్నాడట ఆయన.

పక్కకే ఉన్నాడు ఈ వెర్రిమాలోకం. గేటు బయట, గోడవారన, అంతా అయిపోయేదాకా. లోపల ఆయన భార్యకి ఇతను వచ్చిన సంగతే తెలీదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, కలిపి, చెయ్యి కడిగేసుకున్నాడు. పరామర్శకి మా ఇంటికి ఎవరొస్తారు? పోయింది మా చుట్టం కాదుగా. నేనొక్కదాన్నే వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, ఎవరి కోసం ఎక్కువ ఏడ్చానో నాకే తెలీదు.

కొన్నాళ్ళకి కొడుకు మా స్టూడియోకొచ్చాడు. చేతిలో అదే ఫొటో.

"ఊరందరి ఫొటోలకీ ఫ్రేములు కట్టాడు గానీ, నాన్నకి ఇది తప్ప ఇంకోటి లేదండీ" అని, ఫొటోలోని మా మరిది మొహం మీద వేలు పెట్టాడు. "ఈ పక్కాయనెవరో, ఈయన్ని తీసేసి నాన్నని ఒక్కణ్ణే పెద్దది చెయ్యాలి."

ఆ కుర్రాడి తప్పేముంది? ఫొటోలో ఉన్నది ఒత్తయిన జుట్టున్న పడుచువాడు. ఎదురుగా నిలబడ్డది బట్టతల ముసలాయన. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోతే మా మరిది నావైపు ఒక్క చూపు చూశాడు. "అలాగే బాబూ" అన్నాడు.

ఆ కుర్రాడు వెళ్ళాక మా మరిదిని దులిపేశాను. "నేనేనని చెబితే నీ సొమ్మేం పోయిందయ్యా?"

"చెబితే మొహమాటపడతాడు వదినా. తండ్రి పోయి ఉన్నాడు."

"పోనీ నీకోసమైనా ఒకటి వేసుకో, ఇద్దరూ ఉన్నది."

"నా గోడ మీద నేనుండి ఏం చేసుకోను?" అని, కాసేపటికి తనలో తను అనుకుంటున్నట్టుగా, "వాడింట్లో ఉన్నాను ఇన్నాళ్ళూ. అది పోతోంది" అన్నాడు.

పనిలో కూర్చున్నాడు. తన మొహం, తన మెడ, తన చొక్కా, అన్నిటి మీదా గోడరంగు పూసేశాడు. "నేను భలే తేలిగ్గా పోయాను వదినా" అని హాస్యమాడాడు కూడా, నాకు నవ్వు రాలేదు. చెయ్యి దగ్గరికొచ్చి ఆగిపోయాడు. మామూలుగా అయితే చెయ్యి తీసి చొక్కా గీసెయ్యొచ్చు. కానీ ఇక్కడ అద్దాలాయన వేళ్ళు దాన్ని పట్టుకుని ఉన్నాయి. ఇతని చెయ్యి తీసేస్తే ఆ గుప్పెట్లో గాలి మిగులుతుంది. మా ఆయన వచ్చి చూసి, "దానికంత ఆలోచనెందుకు? రెండు చేతులూ లేపేసి కోటు తొడిగెయ్" అన్నాడు.

"వాడి చెయ్యి నేను తియ్యను" అన్నాడు మా మరిది. అన్నగారికి ఎదురు చెప్పడం నేను చూసింది అదే మొదలు, అదే ఆఖరు.

చాలా రోజులు ఆ బల్ల మీద ఫొటో అలాగే ఉంది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి రంగులద్దమన్నాడు. చూద్దును కదా, ఆయన భుజం మీద గుడ్డ! అద్దాలు తుడిచే గుడ్డ, భుజం మీంచి జారకుండా ఆయన పట్టుకున్నట్టుగా ఉంది. ఆరోజు నేను లాగి పడేసిన గుడ్డే తిరిగొచ్చి కూర్చున్నట్టుంది. ఎంత సహజంగా ఉందంటే నేను కూడా ఓ క్షణం నమ్మాను. తర్వాత వంగి చూశాను. అతను తన చెయ్యి చెరపలేదు. దాని మీదే నేత గీశాడు. నాలుగు వేళ్ళూ నాలుగు మడతలు.

"ఏ రంగు వెయ్యను?" అన్నాను.

"నీకు తెలుసుగా వదినా ఆ గుడ్డ."

తెలుసు. తెలుపు మాసి బూడిదగా మారిన రంగు. దూది ఒత్తితే ఎక్కడ నొప్పి పుడుతుందోనన్నట్టు అద్దాను. ఈ సంగతి ఎవరితోనూ అననని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఫొటో పట్టుకెళ్ళిన కొడుకు, అమ్మ చూసి ఏడ్చిందనీ, అచ్చం నాన్న దుకాణంలో కూర్చున్నట్టే ఉందందనీ కబురు చేశాడు. ఆ పూట మా మరిది రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. వాడింట్లో ఉన్నాడుగా మరి, గుడ్డ రూపంలో అయితేనేం.

కానీ సాయంత్రాలు ఎలా గడవాలి? టీగ్లాసు పట్టుకుని వెళ్ళి ఆ మూసిన దుకాణం మెట్టు మీద కూర్చునేవాడు. ఒక చివర కూర్చునేవాడు, రెండోవాడికి చోటొదిలి. నేను మేడ మీంచి చూసి, పిలుద్దామనుకుని, ఏమని పిలవాలో తోచక లోపలికి వచ్చేదాన్ని. కొన్నాళ్ళకి ఆ దుకాణం ఎవరికో అద్దెకిచ్చారు. ప్లాస్టిక్ బకెట్లూ మగ్గులూ మెట్ల మీద దాకా పేర్చాడు కొత్తాయన. "ఇక్కడ కూర్చుంటే బేరాలు రావు పెద్దాయనా" అన్నాడట. అప్పట్నించీ టీ మా వెనక గదిలోనే, గోడకి ఎదురుగా.

ఇంచుమించు ఏడాది తిరిగాక కొడుకు మళ్ళీ వచ్చాడు. ఈసారి తల్లి కూడా వచ్చింది. చంకలో గుడ్డ చుట్టిన ఫ్రేము. తల్లిని గోడవార బల్ల మీద కూర్చోబెట్టి, ఫ్రేము విప్పి మా మరిది ముందు పెట్టాడు.

"కొత్త ఇల్లు కట్టుకున్నామండీ. ముందు హాల్లో నాన్న ఫొటో పెడుతున్నాను. ఒక్కటే, ఈ గుడ్డ తీసెయ్యాలి" అన్నాడు. "జీవితమంతా ఆ గుడ్డ మోశాడు మా నాన్న. నన్ను చదివించడానికి ఒళ్ళు అరగదీసుకున్నాడు. ఇక చాలు. నా ఇంట్లోనైనా భుజం ఖాళీగా, హాయిగా ఉండాలి ఆయన."

ఏమంటారు చెప్పండి? వాడు వెధవ అయితే నాలుగు కడిగి పంపేదాన్ని. తండ్రి మీద ప్రేమతో అడుగుతున్నాడాయె. మా మరిది ఫ్రేముని తన వైపు జరుపుకున్నాడు. "ఆ గుడ్డ... బాగానే ఉంది కదా బాబూ" అన్నాడు. జన్మలో ఒక గిరాకీతో వాదించిన మనిషి కాదు.

"పోయినసారి మనిషినే తీసేశారు కదండీ, గుడ్డ తియ్యడం ఎంతసేపు?"

ఎవరితోనూ అననని ఒట్టు వేశానాయె. మా మరిది తల దించుకున్నాడు. "సరే, వదిలి వెళ్ళండి" అని కుంచెల డబ్బా వైపు చెయ్యి చాచాడు. ఇక ఆగలేక, "అది గుడ్డ కాదయ్యా..." అని మొదలుపెట్టానో లేదో, బల్ల మీంచి ఆవిడ గొంతు వినపడింది.

"మీ నాన్న గుడ్డ ఏ భుజం మీద వేసుకునేవాడురా?"

కొడుకు తెల్లమొహం వేశాడు. "ఏమో. ఏదో ఒకటి."

"ఎడం భుజం. ఎప్పుడూ ఎడం భుజమే. కుడిచేత్తో లాగి తుడిచేవాడు. ఇందులో చూడు, కుడి భుజం మీద ఉంది." ఆవిడ లేచి వచ్చి ఫ్రేము మీద వేలు పెట్టింది. "ఇంటికి తెచ్చిన రోజే చూశాను. ఆ భుజం మీద ఏముండేదో నాకు తెలీదా? ఎన్నేళ్ళు ఆ ఫొటో నా గోడ మీద ఉంది. రోజూ తుడిచేదాన్ని."

కొడుకు ఫ్రేము మీదికి వంగాడు.

"తీసెయ్యమంటున్నావు సరే, ఆయన చేతిలో ఏం పెడతావురా?" అంది.

కొడుకు ఫొటో వైపు చూశాడు, ముసలాయన వైపు చూశాడు, మళ్ళీ ఫొటో వైపు. మెల్లగా మొహం మారింది. "ఈయనా?" అన్నాడు.

ఆవిడ మా మరిది వైపు తిరిగింది. "పెన్సిల్ అన్నయ్యా, ఆ రోజు మిమ్మల్ని గేటు బయటే ఆపేశారని నాకు ఎప్పటికో గానీ తెలీలేదు. తెలిస్తే నేనే వచ్చి తీసుకెళ్ళేదాన్ని" అంది. కళ్ళు ఒత్తుకుంది. ఇతను తల ఊపాడు, అంతే. కొడుకు ఫ్రేముని మళ్ళీ గుడ్డలో చుట్టాడు, పసిపిల్లని చుట్టినట్టు. "ఇలాగే ఉంచుతానండీ" అని గొణిగి, అమ్మని పట్టుకుని మెట్లు దించాడు.

వాళ్ళు వెళ్ళాక మా మరిది చాలాసేపు తన ఎడంచెయ్యి బల్ల మీద పరిచిపెట్టి చూసుకుంటూ కూర్చున్నాడు. నేను టీ తెచ్చి పెట్టాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడా నవ్వుతున్నాడా అంటే రెండూనూ.

"దొరికిపోయాను వదినా" అన్నాడు. "ఇన్నేళ్ళకి దొరికిపోయాను. వాడుంటే ఈపాటికి వీధంతా ఎంత గోల చేసేవాడో!"

ఇద్దరం తెలీకుండానే చెవులు రిక్కించాం. వీధి అవతల కొత్తాయన బకెట్లు లోపలికి సర్దుకుంటున్న చప్పుడు వినపడింది.